బతికున్న కవిత్వానికి సంతాప సభ

అబ్దుల్లాహి ఖర్షేని సొమాలీలు తమ ఆధునిక సంగీతానికి తండ్రి అంటారు. ఆయన పుట్టింది ఇప్పటి టాంజానియాలోని మోషిలో. పెరిగింది ఏడెన్ రేవు పట్టణంలో. కబన్ అనే తంత్రీవాద్యం చేతపట్టిందీ అక్కడే. 1994లో కన్నుమూసింది లండన్‌లో. నడుమ హర్గేసా నగరానికి వచ్చి, తెల్లవాడి పాలన మీద జనాన్ని నిద్రలేపే పాటలు కట్టాడు. ఈ జీవితం కళ్ళెదుట ఉండగానే, సొమాలీ సంస్కృతి ఇసుక నేలకూ ఒంటెల మందకూ పుట్టిన బిడ్డ, పరాయి గడ్డ మీద అది బతకదు అనే మాట ఇంకా చెలామణీ అవుతోంది. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. చాలామంది ఆ సంస్కృతి మీద ప్రేమ ఉన్నవాళ్ళే. అందుకే ఆ వాదాన్ని ఊరికే కొట్టిపారేయకుండా, దాని బలమంతా దానికి ఇచ్చి, ఆ తర్వాతే తేల్చాలి.

వాదం ఇది. సొమాలీలది మౌఖిక సంస్కృతి. వాళ్ళ భాషకు అధికారికంగా లిపి వచ్చిందే 1972లో. అంతకుముందు కవిత్వం, చరిత్ర, న్యాయం, వంశవృక్షం అన్నీ పెద్దల నోట్లోనే ఉండేవి. 1991 జనవరిలో సొమాలియా నియంత సియాద్ బర్రే ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం ముదిరి, జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. కెన్యాలోని దదాబ్ శిబిరాలు, అక్కడినుంచి మినియాపొలిస్, టొరంటో, లండన్, స్టాక్‌హోమ్. పెద్దలు పదో అంతస్తు ఫ్లాట్లలో కిటికీ పక్కన కూర్చుని వృద్ధులయ్యారు. మనవలు ఇంగ్లీషులో, స్వీడిష్‌లో కలలు కంటున్నారు. ఇక మిగిలింది ఏడాదికోసారి ఉత్సవం: రంగు గుడ్డలు, డప్పు, చెక్కతో చేసిన పాలకుండ, పక్కన వివరం రాసిన అట్ట. కాబట్టి ప్రవాసంలో సొమాలీ కథనకళను కొనియాడటం అంటే మర్యాదగా చేసే సంతాప సభే అని వాళ్ళ తీర్మానం.

ఇందులో ప్రతి వాక్యం విడిగా చూస్తే నిజానికి దగ్గరగానే ఉంది. తప్పు మొదటి వాక్యంలోనే ఉంది. 'మౌఖికం' అనగానే గాలికి కొట్టుకుపోయేది, చెప్పినవాడితో పాటు చచ్చేది అని వీళ్ళు అనుకుంటున్నారు. సొమాలీ కవిత్వం విషయంలో అంతకన్నా పెద్ద పొరపాటు లేదు.

మౌఖిక కవిత్వం అంటే ప్రదర్శనలో అప్పటికప్పుడు అల్లేది, ప్రతిసారీ మారేది అన్న సిద్ధాంతం ఆల్బర్ట్ లార్డ్ 1960లో రాసిన పుస్తకంతో లోకమంతా పాకింది. యుగోస్లావియా గాయకుల విషయంలో అది సరిపోయింది. సొమాలీలకు సరిపోదు. 1964లో ఆంజెయెవ్‌స్కీ, లూయిస్ అనే పండితులు కలిసి వెలువరించిన సొమాలీ కవిత్వ పరిచయ గ్రంథం చూసినా, తర్వాత రూత్ ఫినెగన్ రాసింది చూసినా ఈ తేడా తెలుస్తుంది. గబై అనే గంభీరమైన పద్యరూపాన్ని కవి ముందుగా, ఒంటరిగా, కొన్నిసార్లు రోజుల తరబడి కూర్చుకుంటాడు. దాన్ని కంఠస్థం పట్టే వల్లెకారులు వేరు. వాళ్ళు పద్యాన్ని ఊరూరా మోసుకెళ్తారు. వాళ్ళకు రెండు కట్టుబాట్లు: మాట మార్చకూడదు, కవి పేరు చెప్పకుండా పద్యం ఎత్తకూడదు. మన చాటువులను గుర్తు తెచ్చుకోండి. బాగున్న ప్రతి కొంటె పద్యాన్నీ శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టి చేతులు దులుపుకుంటాం. సొమాలీ సభలో అలా చేస్తే పరువు పోతుంది.

మాట మారకుండా ఉండటానికి వాళ్ళ ఛందస్సే కాపలా. తెలుగు పాఠకుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, ఎందుకంటే వాళ్ళదీ హ్రస్వ దీర్ఘాల లెక్క మీద నడిచే ఛందస్సే. దానికి తోడు యతి వంటి అక్షరమైత్రి ఉంది. మన యతి పాదం దాటితే మారుతుంది. వాళ్ళది మారదు. కవి ఏ అక్షరంతో మొదలుపెడితే, పద్యం చివరిదాకా ఆ అక్షరమే. గబైలో పాదానికి రెండు భాగాలు, రెండింటిలోనూ ఆ అక్షరంతో మొదలయ్యే మాట పడాలి. అచ్చులన్నీ ఒకదానికొకటి చెల్లుతాయి, హల్లులకు ఆ వెసులుబాటు లేదు. నూరు పాదాల పద్యమంటే ఒకే అక్షరంతో రెండు వందల మాటలు. ఒక మాట జారినా, ఒకటి మార్చినా, విన్నవాడు వెంటనే పట్టుకుంటాడు. ఈ లెక్కలన్నీ కవులకు చెవిలోనే ఉండేవి. 1976లో గారియే అనే కవి మొగదిషు పత్రికలో వాటిని సూత్రాలుగా రాసి చూపించాడు. అంతవరకూ వ్యాకరణం లేకుండానే తప్పు పట్టగలిగారు.

ఇంత బిగువు ఎందుకు? పద్యం ఎడారి దాటాలి కాబట్టి. అవతలి బావి దగ్గరున్న శత్రువుకు, నెలరోజుల నడక దూరంలో ఉన్న వియ్యంకుడికి అది చెక్కుచెదరకుండా చేరాలి కాబట్టి. దర్వీష్ ఉద్యమ నాయకుడు సయ్యిద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ ఇరవై ఏళ్ళు బ్రిటిషువాళ్ళను ముప్పుతిప్పలు పెట్టాడు. 1913 ఆగస్టులో దుల్ మదోబా దగ్గర రిచర్డ్ కోర్‌ఫీల్డ్ అనే అధికారి చనిపోయాక, ఆ శవాన్ని ఉద్దేశించి ఒక పద్యం చెప్పాడు. నరకానికి పోతున్నావుగా, అక్కడివాళ్ళకు ఈ కబుర్లు చెప్పు అంటూ సాగుతుంది. ఆ పద్యం ఆయన పాళెం విడిచి, ఆయన ఎన్నడూ చూడని ఊళ్ళు తిరిగింది. 1920లో సయ్యిద్ పోయాడు. ఆయన పద్యాలు జామా ఉమర్ ఈసే సంకలనంగా మొగదిషులో అచ్చయింది 1974లో. అంటే యాభై ఏళ్ళకు పైగా అవి జనం నాలుక మీదే ఉన్నాయి. చెప్పినవాడితో పాటు చచ్చే సాహిత్యమైతే ఆ పుస్తకానికి పద్యాలు ఎక్కడినుంచి వచ్చాయి?

కాబట్టి నేలను పట్టుకు వేలాడే కవిత్వం కాదు ఇది. దూరాన్ని లెక్కలోకి తీసుకునే తయారైన కవిత్వం. ప్రవాసం దానికి కొత్త శత్రువు అనడం చరిత్ర తెలియని మాట.

ప్రవాసం కొత్తదన్న మాటే అసలు తప్పు. సూయజ్ కాలువ తెరిచాక ఓడల బొగ్గు గదుల్లో సొమాలీలు పనిచేశారు, కార్డిఫ్ రేవులో టైగర్ బే అనే పేటలో స్థిరపడ్డారు. ఇబ్రాహీం ఇస్మాయిల్ అనే నావికుడు 1928లో ఇంగ్లండ్ పల్లెప్రాంతంలో ఒక సమష్టి జీవన కాలనీలో కూర్చుని తన జీవితకథ రాశాడు. 1977లో గాని అది అచ్చు కాలేదు. సొమాలీల తొలి ఆత్మకథల్లో అదొకటి, పుట్టింది గ్లోస్టర్‌షైర్‌లో! నురుద్దీన్ ఫారా తొలి ఇంగ్లీషు నవల 1970లో వచ్చింది. అది రాసినప్పుడు ఆయన మన చండీగఢ్‌లో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకోవడానికి ఇల్లు విడిచి పారిపోయిన ఒక సంచార యువతి కథ అది. రాసినవాడు హిమాలయాల పాదాల దగ్గర ఉన్నాడు. హద్రావీ, ఇరవయ్యో శతాబ్దపు సొమాలీ కవుల్లో అందరికన్నా పెద్ద పేరు, బాల్యంలో చదువుకున్నది ఏడెన్‌లో. ఎవరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వినా ఏదో ఒక రేవు తగులుతుంది.

ఇక యంత్రాల సంగతి. లిపి వచ్చిన కాలంలోనే క్యాసెట్ రికార్డరూ సొమాలియాకు చేరింది. రెంటిలో ఏది మౌఖిక కవిత్వాన్ని చంపుతుందో అని పండితులు ఎదురుచూస్తుంటే, కవిత్వం క్యాసెట్టెక్కి ఊరేగింది. 1979లో గారియే వంశతత్వాన్ని ఎండగడుతూ ఒక పద్యం మొదలుపెట్టాడు. 'ద' అక్షరంతో నడిచే పద్యం. హద్రావీ జవాబు చెప్పాడు, అదే అక్షరంతో. తర్వాత మరొకడు. అలా పదుల సంఖ్యలో కవులు ఒకే అక్షరం మీద వరుసకట్టారు. దాన్ని దేల్లేయ్ గొలుసు అంటారు. నియంత పాలనలో ఏ పత్రికా అచ్చువేయని ఆ పద్యాలు క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కి, టీకొట్ల నుంచి గల్ఫ్ కార్మికుల గదులదాకా తిరిగాయి. అంతకుముందే హద్రావీ 1973 నుంచి 1978 దాకా జైల్లో ఉండి వచ్చాడు. అయినా ఆ గొలుసులో చేరాడు. ఈ పాతికేళ్ళలో క్యాసెట్ స్థానంలో ఫోను వచ్చింది. అంతకు మించి మారిందేమీ లేదు.

ఇప్పటి మాటకు వద్దాం. కవయిత్రి ఆషా లూల్ మొహమూద్ యూసుఫ్ దశాబ్దాలుగా ఇంగ్లండ్‌లో ఉంటోంది. ఆమె ఇంగ్లీషులో రాయదు. లండన్‌లో కూర్చుని సొమాలీలో, పాత ఛందస్సులో, అక్షరం తప్పకుండా పద్యం చెబుతుంది. వస్తువు పాతది కాదు. తహ్రీబ్, అంటే చిల్లు పడవలెక్కి మధ్యధరా సముద్రం దాటబోయి మునిగిపోతున్న కుర్రాళ్ళ ప్రయాణం. 2017లో ఆ పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో పక్కపక్కన అచ్చయ్యాయి. ఇంగ్లీషు పత్రికలు మెచ్చుకున్నాయి, మంచిదే. కాని అనువాదానికి చాలాముందే ఆమె గొంతు సొమాలీ ఇళ్ళల్లోకి చేరింది. సంతాప సభ పెట్టేవాళ్ళు ఈమెను ఏ లెక్కలో వేస్తారు? శవం ఇంత చక్కగా పద్యం చెబుతుందా?

బురాన్‌బుర్ మాట ఇంకా ఆసక్తికరం. అది ఆడవాళ్ళ పద్యరూపం. మగవాళ్ళ గబైకి ఉన్న గౌరవం దానికి సొంత నేల మీద దక్కలేదు. వల్లెకారులు మగవాళ్ళు, మగవాళ్ళ పద్యాలనే మోశారు. ఆడవాళ్ళ పద్యం ఆడవాళ్ళ మధ్యే పుట్టి అక్కడే ఆగిపోయేది. ఇవాళ మినియాపొలిస్‌లోనో లండన్‌లోనో పెళ్ళికి హాలు మాట్లాడుకుంటే, కవయిత్రిని పిలవకుండా ఉండరు. ఆమె వధూవరుల రెండు వైపుల తాతముత్తాతలనూ పేరుపేరునా పొగుడుతుంది, డప్పు మోగుతుంది, చుట్టూ చప్పట్లు, ఒక్కొక్కరే నడుమకు వచ్చి ఆడతారు. ఎవరో ఒకరు దాన్ని ఫోనులో రికార్డు చేస్తారు. తెల్లారేసరికి ఆ పద్యం నైరోబీలో వింటారు. పాత పద్ధతి వల్లెకారులకు అక్కర్లేని పద్యాన్ని ఫోను మోస్తోంది. వలస వల్ల ఒక పద్యరూపం చచ్చిపోలేదు సరికదా, గడప దాటింది. నష్టాల చిట్టా రాసేవాళ్ళు ఈ లాభాన్ని రాయడం మరిచిపోతారు. ఎందుకంటే వాళ్ళ దృష్టిలో సొమాలీ కవి అంటే ఒంటె పక్కన కర్ర పట్టుకు నిలబడ్డ ముసలాయన. పెళ్ళి హాల్లో మైకు పట్టుకున్న నడివయసు అమ్మ కాదు.

వాళ్ళ వాదంలో బలమైన ముక్క ఒకటుంది, దాన్ని దాటవేయను. ఒకే అక్షరంతో రెండు వందల మాటలు కావాలంటే పదసంపద కావాలి. గబై పదసంపద పశువుల చుట్టూ పెరిగింది: ఒంటె వయసులకు, నడకలకు, మేతకు, మబ్బులకు, బావులకు లెక్కలేనన్ని మాటలు. ఇంట్లో అమ్మ సొమాలీలో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల ఆ పద్యం అల్లలేదు. ఇది నిజం. కాని దీనికి కారణం వలసే అయితే అన్ని దేశాల్లో ఫలితం ఒకటే ఉండాలి. స్వీడన్‌లో బడిపిల్లలకు మాతృభాష నేర్చుకునే హక్కు ఉంది. సొమాలీ టీచర్లున్నారు, సొమాలీలో పిల్లల పుస్తకాలు అచ్చవుతున్నాయి. మిన్నెసోటాలో ఒక సంస్థ పూనుకుని నాలుగు జానపద కథలను రెండు భాషల్లో బొమ్మల పుస్తకాలుగా తెచ్చింది. ఇలాంటి ఏర్పాటేమీ లేని చోట భాష జారిపోతుంది. జారిపోయేలా చేసింది బడి బడ్జెట్టు. దాన్ని సంస్కృతి తలరాతగా చూపడం తప్పు చేసినవాడిని వదిలి, దెబ్బ తిన్నవాడి ఒంటిలో జబ్బు వెతకడమే.

ఆ నాలుగు కథల్లో ఒకటి విల్‌వాల్ కథ. పాలకుడు విల్‌వాల్ తన జనానికి ఒక పరీక్ష పెట్టాడు: మనుషులను విడగొట్టేదీ కలిపేదీ అయిన గొర్రె అవయవం ఏదో తెచ్చివ్వండి. ధనికులు కాలేయం తెచ్చారు, పక్కటెముకలు తెచ్చారు, తొడమాంసం తెచ్చారు. ఒక పేదవాడు కూతురి మాట విని గొర్రె అన్నవాహిక తెచ్చాడు. అందరి ముందూ అది బయటకు తీయడానికి సిగ్గుపడ్డాడు. విల్‌వాల్ ఆ ఒక్కటే ఒప్పుకున్నాడు, ఈ ఆలోచన నీది కాదు ఎవరిదో చెప్పు అని అమ్మాయి సంగతి రాబట్టాడు. కథ చెప్పేవాడు 'షీకో షీకో' అంటే వినేవాళ్ళు 'షీకో హరీర్' అని బదులివ్వాలి, అప్పుడే కథ మొదలు. మనకు ఊ కొట్టేవాళ్ళు కావాలి, వాళ్ళకూ అంతే. కథ చివర ఆ అన్నవాహికే ఎందుకు అన్న ప్రశ్న పిల్లలకే వదిలేస్తారు. ఆశ వల్ల విడిపోతాం, పంచుకుంటే కలుస్తాం అని ఏ పిల్లో చెబుతుంది. పక్క పిల్లవాడు కాదంటాడు. ఆ జవాబు ఏ భాషలో వచ్చినా ఆ క్షణంలో కథ బతికే ఉంది.

బదులు గురించి ఇంత పట్టుపట్టడానికి కారణముంది. సొమాలీ సాహిత్యానికి ఊపిరి జవాబే. దేల్లేయ్‌కి ముందు సీన్లేయ్ గొలుసు, ఇంకా ముందు ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో గుబా గొలుసు. గుబా పద్యాలు గొప్పవి. అవి తెగల మధ్య పగలను ఎగదోసిన పద్యాలు కూడా. ఈ సంప్రదాయానికి శాంతి చేయడం వచ్చు, కొంపలు అంటించడమూ వచ్చు. ఇక్కడ సంతాపం చెప్పేవాళ్ళతో కాక వేడుక చేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. నిధులిచ్చే సంస్థల కాగితాల్లో సొమాలీ కళ ఎప్పుడూ గాయాలు మాన్పుతుంది, వారధులు కడుతుంది, చిరునవ్వు నవ్వుతుంది. ఎవరినీ తిట్టదు. తిట్టని సొమాలీ కవిత్వం ఎవరిది? వేదిక మీద నృత్యం, తినడానికి సమోసా, మేయరు ప్రసంగం. హాల్లోంచి లేచి మరొక కవి అదే అక్షరంతో ఖండించే వీలు మాత్రం కార్యక్రమంలో ఉండదు. ప్రమాదం ఉందంటే అక్కడుంది.

దుఃఖాన్ని మాత్రమే కొనే ప్రచురణకర్తలూ అంతే. వర్సన్ షైర్ నైరోబీలో పుట్టి లండన్‌లో పెరిగింది, 2013లో ఆ నగరపు తొలి యువ ఆస్థానకవి అయింది. రోమ్‌లో పాడుబడ్డ సొమాలీ రాయబార కార్యాలయంలో తలదాచుకుంటున్న కుర్రాళ్ళను చూసి వచ్చి ఆమె రాసిన మాటలు తర్వాత శరణార్థుల ఊరేగింపుల్లో అట్టల మీదికెక్కాయి. అది ఆమె తప్పు కాదు. కాని ఆ అట్ట పట్టుకున్నవాళ్ళలో ఎందరు ఆమె రాసిన అమ్మలనూ అత్తలనూ, వాళ్ళ వేళాకోళాన్నీ చదివారు? నదీఫా మొహమ్మద్ 2021 నవల కార్డిఫ్‌లో చేయని హత్యకు 1952లో ఉరితీసిన నావికుడు మహమూద్ మతాన్ గురించి. ఆ శిక్ష తప్పని 1998లో గాని కోర్టు ఒప్పుకోలేదు. బుకర్ తుది జాబితాకెక్కింది కాబట్టి, మౌఖికం పోయి నవల వచ్చింది, సొమాలీలు ఎట్టకేలకు సాహిత్యంలోకి వచ్చారు అని సంతోషించినవాళ్ళున్నారు. ఆమె తొలి నవల తండ్రి నోట విన్న ప్రయాణాల మీద కట్టింది. మతాన్ కూడా ఆ తండ్రికి తెలిసినవాడే. చెవి ముందు, కలం తర్వాత. బుకర్‌కు ఎక్కినది సాహిత్యం, ఆషా లూల్ చెప్పేది జానపదం అనుకునేవాళ్ళు సంతాప సభవాళ్ళకు దగ్గరి బంధువులే. ఇద్దరికీ సొమాలీ భాష వినపడదు.

చివరగా, సొంత నేల మీద ఏం జరిగిందో కూడా చూడాలి. ప్రవాసంలో పోయింది, దేశంలో ఉంది అనే లెక్క అక్కడే తిరగబడుతుంది. 1988లో సియాద్ బర్రే విమానాలు హర్గేసా మీదే బాంబులు వేసినప్పుడు, రేడియో హర్గేసా టేపులను కొందరు భూమిలో పాతిపెట్టారు, కొన్నిటిని సరిహద్దు దాటించారు. దేశం చంపబోయిన గొంతులు దేశం బయటికి పోయి బతికాయి. 2008లో అదే హర్గేసాలో అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన మొదలుపెట్టిన జమా మూసే జమా అప్పటికి ఇటలీలోని పీసాలో స్థిరపడ్డ మనిషి. లండన్‌లో ఏటా అక్టోబరులో సొమాలీ వారోత్సవం నడిపే కైద్ సంస్థ ఆయనకు తోడు నిలిచింది. ఇవాళ హర్గేసా సాంస్కృతిక కేంద్రంలో అరల నిండా వేల క్యాసెట్లున్నాయి, అటూ ఇటూ చెదిరిపోయిన కుటుంబాలు తెచ్చి ఇచ్చినవీ వాటిలో ఉన్నాయి. టేపు సాగిపోకముందే వాటిని కంప్యూటరుకెక్కించాలి. ప్రతి పద్యానికీ కవి పేరు, ప్రతి పాటకూ గాయని పేరు రాసిపెట్టాలి. అందుకు గొంతులను గుర్తుపట్టగల పెద్దలు కావాలి. వాళ్ళలో చాలామంది ఉన్నది మినియాపొలిస్‌లో, టొరంటోలో, కార్డిఫ్‌లో. ఆ ఫ్లాట్ల తలుపు తట్టి, టేపు వినిపించి, ఎవరిదమ్మా ఈ గొంతు అని అడిగి రాసుకునే కుర్రాళ్ళకు జీతాలివ్వాలి.